సాక్షియు సంశయమును

గాడ్స్ ఆర్మీ, అనగా దేవుని సైన్యము, అను ఆంగ్ల చలనచిత్రము 2000వ సంవత్సరమున అమెరికాలో వెలువడినది. దానికి రచయితయు, దర్శకుడును, ప్రధాన పాత్రధారియు రిచర్డ్ డచర్ అను నొక్కడే. సుమారు 3 లక్షల డాలర్ల స్వల్పవ్యయముతో నిర్మింపబడిన యీ చిత్రము అంతకు పలురెట్లు గడించెను. మార్మనుల జీవితమును మార్మనులే చిత్రించు చలనచిత్రములు దీని వెనుక వరుసగా బయలుదేరినవి. ఇందలి శిల్పము గొప్పదని నేను చెప్పను. కాని యిందు లేవనెత్తబడిన ప్రశ్న గొప్పది. తనకు నిశ్చయము లేని విషయమును ప్రతిదినము ఇతరులకు నిశ్చయముగా చెప్పవలసిన స్థితిలో నున్న మనుష్యుడు సత్యము తప్పకుండ నడచుట యెట్లు? ఈ ప్రశ్నకు చిత్రమిచ్చిన సమాధానమును, ఇయ్యక దాటిపోయిన సమాధానమును పరిశీలించుటయే ఈ వ్యాసమునందలి పని.

చదువరులకు కొంత పూర్వకథ చెప్పవలసియున్నది. జోసెఫ్ స్మిత్ అనునతడు 1830లో న్యూయార్కు రాష్ట్రమున ఒక క్రైస్తవ సంఘమును స్థాపించెను. కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘమని దాని పూర్తి పేరు. మార్మను గ్రంథమను నొక గ్రంథమును వారు బైబిలుతోపాటు పవిత్రముగా నెంచుటచే లోకము వారిని మార్మనులని పిలిచినది. ఆ పేరు వాడవలదని 2018 నుండి సంఘాధికారులు కోరుచున్నారు. చిత్రము నాటి వాడుకను బట్టి నేనిచట దానినే యుంచితిని. ఈ సంఘము మనకు బొత్తిగా దూరపుది కాదు. వారి గ్రంథము తెలుగున నున్నది. స్టేకు అని వారు పిలుచు ప్రాంతీయ మండలము భారతదేశమున మొదట నేర్పడినది 2012లో, హైదరాబాదుననే.

ఆ సంఘమునందలి యువకులు రెండు సంవత్సరములు ఇల్లు విడిచి మతప్రచారము చేయుట వారిలో పెద్ద ఆచారము. యువతులకు ఆ కాలము పదునెనిమిది నెలలు. చిత్రము నాటికి యువకులు పంతొమ్మిదవయేట బయలుదేరెడివారు. 2012 నుండి పదునెనిమిదవయేటనే బయలుదేరవచ్చును. జీతము లేదు, ఖర్చులు తామో తమ కుటుంబమువారో భరింతురు. ఇద్దరిద్దరుగా జతగూడి, ఒకరి నొకరు విడువకుండ తిరుగుదురు. తెల్లని చొక్కా, రొమ్మున నల్లని పేరుబిళ్ల వారి గుర్తులు. మీసకట్టు సరిగా రాని బాలునికి పెద్ద అను నర్థము గల ‘ఎల్డరు’ అను బిరుదు. రెండేండ్లు నిండించి వచ్చినవానికి ఊరిలో గౌరవము. నడుమ తిరిగివచ్చినవాని నలుగురు చూచు చూపు వేరు. పదునెనిమిదేండ్ల కొడుకును సాగనంపునప్పుడు తల్లి కన్నీటిలో గర్వము కూడ నుండును. ఆ గర్వమే తరువాత వాని నోటికి బీగము కాగలదు.

ఇక ముఖ్యమైన సంగతి. వీరి ప్రచారమునకు ప్రాణము వాదము కాదు, సాక్ష్యము. పాఠము చెప్పి చెప్పి చివరకు, ఇది సత్యమని నేనెరుగుదును అని పలుకుట వారి వాడుక. నమ్ముచున్నాననియు, ఆశించుచున్నాననియు కాదు, ఎరుగుదును అని. చిన్నపిల్లలు సయితము నెలకొకమారు జరుగు సాక్ష్యసభలో ఈ మాటను పలుకుట నేర్తురు. నేర్చిన మాట సులభముగా వచ్చును. సులభముగా వచ్చు మాటయే పరీక్షకు నిలుచునప్పుడు కష్టపెట్టును.

మన న్యాయశాస్త్రకారులు ఈ విషయమును మిక్కిలి సూక్ష్మముగా విచారించినారు. శబ్దము ప్రమాణమగునది ఆప్తుడు చెప్పినప్పుడే యని గౌతముని సూత్రము. ఆప్తుడెవడు? విషయమును సాక్షాత్తుగా నెరిగినవాడై, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పగోరువాడు. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమేయని భాష్యకారుడగు వాత్స్యాయనుడు స్పష్టముగా చెప్పినాడు. కావున సముద్రము దాటివచ్చిన యువకునికి ఈ కొలత పెట్టుట అన్యాయము కాదు. ‘ఎరుగుదును’ అనుటచే వాడు తన్ను ఆప్తునిగా ఎదుటివాని ముందు నిలుపుకొనుచున్నాడు. వానికి ఎరుక లేక కోరిక మాత్రమే యున్నచో, ఆ మాటయందలి విషయము నిజమే యైనను, ఆ మాట నిజము కాదు.

ఇచట వారి పక్షమున ఒక మాట చెప్పవలెను. ప్రచారకుడు నా మాటనే నమ్ముమని చెప్పడు. గ్రంథము చదివి, ప్రార్థించి, దేవునినే యడిగి తెలిసికొమ్మని చెప్పును. కావున చెప్పువాని సంశయముచే వినువానికి నష్టమేమి యని యడుగవచ్చును. నష్టము కలదు. ఆ గృహస్థుడు ప్రార్థనకు కూర్చుండుటకు కారణము ఎదుటివాని కన్నులలోని ధైర్యము. ప్రార్థించునప్పుడు కలిగిన ఏ యనుభూతిని దేవుని జవాబుగా గ్రహింపవలెనో చెప్పువాడును ఆ యువకుడే. ఆ పిదప గృహస్థుడు తన పూర్వాచారమును విడువవలెను. బంధువులతో వియ్యము కయ్యము కావచ్చును. ఇంత బరువు ఎత్తుకొనువానికి, ఎత్తుకొమ్మని చెప్పినవాని మనస్సు తెలియు హక్కు లేదా?

చిత్రకథ లాస్ ఏంజలిస్ నగరమున జరుగును. అల్లెన్ అను కొత్త ప్రచారకుడు కాన్సస్ నుండి అచటికి వచ్చును. వాని విశ్వాసము అంతంతమాత్రము. వానికి జత డాల్టన్ అను పెద్దవాడు; మెదడులో కంతితో బాధపడుచును సేవను విడువనొల్లనివాడు. ఈ పాత్రనే డచర్ ధరించెను. అదే యింట కినెగర్ అను మరియొక ప్రచారకుడు కలడు. వీడు సంఘమునకు విరుద్ధమైన గ్రంథములను చదువును. చదివిన కొలది వాని నమ్మకము సడలును. తుదకు సేవను, సంఘమును విడిచి వెడలిపోవును. అల్లెన్ మాత్రము ఊగిసలాడి, ప్రార్థించి, నిశ్చయము పొంది నిలిచిపోవును. డాల్టన్ మరణించును.

ఈ చిత్రమునందు మెచ్చదగినది కినెగర్ పాత్రయే. మతపక్షమున నిలిచి కథ చెప్పువాడు విడిచిపోవువానిని దుష్టునిగానో, లోలునిగానో చూపుట సులభము. డచర్ అట్లు చేయలేదు. కినెగర్ చదువరి, వాని బాధ నిజమైనది. పోవుచున్నవానిని ఆపబోయిన డాల్టన్ పలుకులలో కోపము కంటె దుఃఖము హెచ్చు. ఒక విశ్వాసి యవిశ్వాసిని ఇంత మర్యాదగా చూచుట అరుదు.

అయినను దోషమును అచటనే యున్నది. చిత్రము చూపిన త్రోవలు రెండే: అల్లెన్‌వలె నిశ్చయము పొందుట, కినెగర్‌వలె వెడలిపోవుట. ఒకనికి దీపము వెలిగినది, ఒకనికి ఆరినది. మసకవెలుతురులో కూర్చుండి పనిచేయువాడు ఈ యింట లేడు. నాకు తెలియదు, కాని నేర్చుకొనగోరుచున్నాను. ఇంతవరకు నమ్ముచున్నాను, ఇచటికి రాగా తడబడుచున్నాను అని గృహస్థుని వాకిట నిలిచి చెప్పగల ప్రచారకుని డచర్ ఊహింపలేదు. అల్లెన్‌కు నిశ్చయము కలుగుటకు ముందటి దినములలో వాడు వాకిళ్లయొద్ద నేమి చెప్పెను? ఏ మనస్సుతో చెప్పెను? నాటకీయతయు, ధర్మసూక్ష్మమును కలిసి యుండిన చోటు అదియే. దానిని చిత్రము త్వరపడి దాటిపోయినది.

ఆ చోటున నిలిచి చూచిన రచన యొకటి స్పెయిను దేశమున కలదు. మిగెల్ దె ఉనమూనో 1931లో ప్రకటించిన ‘సన్ మాన్వెల్ బ్వేనో, మార్తిర్’ అను చిన్న నవల అది. డాన్ మాన్వెల్ ఒక పల్లెటూరి కతోలిక గురువు. ఊరివారు ఆయనను పుణ్యపురుషునిగా కొలుతురు. మరణానంతర జీవనమునందు ఆయనకు నమ్మకము లేదు. ఆ రహస్యమును కడుపున పెట్టుకొని, పేదల ఓదార్పు చెడకుండుటకై జీవితమంతయు సేవ చేయును. జనులందరు కలిసి విశ్వాసప్రమాణమును పలుకునప్పుడు నిత్యజీవమును గూర్చిన చివరి మాటలకడ ఆయన కంఠము ఆగిపోవును. జనుల కంఠధ్వనిలో ఆ మౌనము మునిగిపోవును. ఆయన సత్యసంధత యంతయు ఆ మౌనములోనే యున్నది. చదివినవాడు ఆయనను దూషింపలేడు.

డాన్ మాన్వెల్‌ను క్షమించినవాడు మార్మను యువకుని కూడ క్షమింపవలదా? రెంటికి భేదము కలదని నా యభిప్రాయము. గురువు ఓదార్చునది పూర్వమే నమ్మియున్నవారిని; వారి యింటి దీపమును ఆర్పకుండుట మాత్రమే ఆయన పని. ప్రచారకుడు పరుల గడప తొక్కి, వారి దీపమును మార్చుకొమ్మని కోరుచున్నాడు. కోరువాని ఋణము హెచ్చు. మరియు గురువు తెలిసి యా భారమును ఎన్నుకొనెను. యువకుని మెడపై దానిని పెట్టినది తలిదండ్రుల యాశయు, ఊరి చూపును. కావున ఇచటి దోషములో వాని పాలు తక్కువ, పెద్దల పాలు ఎక్కువ.

ఆ పెద్దల మాటలనే చూతము. ఆ సంఘపు అపొస్తలులలో నొకడగు బాయ్డ్ ప్యాకర్ 1982లో చేసిన ప్రసంగమునందు, సాక్ష్యము చెప్పుటయందే సాక్ష్యము లభించునను భావమును బోధించెను. ఇందు కొంత నిజము లేకపోలేదు. నీటిలో దిగక ఈత రాదు; పాడక కంఠము విడదు. అభ్యాసమున శ్రద్ధ పెరుగుట మనమెరిగినదే. కాని ఈత నేర్చుకొనుటకు దిగుట వేరు, ఈత వచ్చునని చెప్పి ఇతరుని వీపున నెక్కించుకొనుట వేరు. రెండవదానివలన మునుగునది ఇద్దరు.

అదే సంఘమున అదే పదవిలో నుండిన జెఫ్రీ హాలండ్ 2013 ఏప్రిలులో చేసిన ప్రసంగము దీనికి విరుగుడు. సంఘము సత్యమని ఎరుగుదునని చెప్పజాలను, నమ్ముచున్నాను మాత్రమే యని పదునాలుగేండ్ల బాలుడొకడు జంకుచు చెప్పగా, తాను వానిని గట్టిగా కౌగిలించుకొంటిననియు, నమ్మకము విలువైన మాటయనియు, నమ్ముట మాత్రమే కలిగియున్నందుకు క్షమాపణ చెప్పుకొననక్కరలేదని వానికి చెప్పితిననియు ఆయన వివరించెను. ఆ బాలుడు జంకుటయే గమనింపదగినది. నిజము చెప్పుటకు పిల్లవాడు జంకవలసిన చోట భాషలో నెక్కడనో లోపమున్నది. ఆ లోపమును ఆ పెద్ద గ్రహించెను, కౌగిలింతతో దిద్దెను. డచర్ చిత్రమునకు కావలసినది ఇట్టి దృశ్యమొక్కటి.

డచర్ తరువాతి కథయు చెప్పవలెను. 2005లో ఆతడు స్టేట్స్ ఆఫ్ గ్రేస్ అను చిత్రమును తీసి, పతితుడైన ప్రచారకుని దయతో చిత్రించెను. 2007లో తానికమీదట మార్మను మతమును అనుసరించువాడను కానని పత్రికాముఖమున ప్రకటించి, మార్మను చలనచిత్రరంగమునుండి వైదొలగెను. డాల్టన్ వేషము ధరించినవాడు కినెగర్ త్రోవను పోయెనన్నమాట. దీనినిబట్టి పూర్వచిత్రము కపటమని చెప్పుట తప్పు. అప్పటి నమ్మకము అప్పటిదే. కాని రెండు త్రోవలే చూపినవాడు తనకును రెండు త్రోవలే మిగుల్చుకొనెనేమోయని తోచకమానదు.

మన గ్రంథములలో సంశయాత్మునకు శ్రేయస్సు లేదని గీత హెచ్చరించుచున్నది. అయినను ఆ గీత పుట్టినదే యర్జునుని సంశయమునుండి. కఠోపనిషత్తునందు శ్రద్ధ ఆవేశించిన బాలుడే మృత్యువు నెదుట నిలిచి, చచ్చినవాడు ఉన్నాడా, లేడా యను సంశయమును అడిగెను. యముడు వానిని గద్దింపలేదు. వరములిత్తునని మరపింపజూచి, మరవనందుకు మెచ్చుకొనెను. శ్రద్ధయు సంశయమును ఒక్క బాలుని హృదయమున నివసింపగలవని దీని తాత్పర్యము. నైయాయికులును సంశయమును పదునారు పదార్థములలో నొకటిగా నెంచి, విచారణకు మొదటి మెట్టుగా నిలిపినారు.

ఇంతకాలము పాఠము చెప్పినవాడనై నేనెరిగినది ఒకటి. తెలియలేదని లేచి చెప్పు పిల్లవానికి చదువు వచ్చును. తెలిసినదని తలయూచువానికి పరీక్షదినమున కన్నీరు వచ్చును. మన యిండ్లలో పిల్లలకు సంధ్యావందనము నేర్పుచున్నాము, నమాజు నేర్పుచున్నాము, ప్రార్థన నేర్పుచున్నాము. వానితోపాటు, ఇది నాకింకను తెలియలేదు అను వాక్యమును కూడ నేర్పుచున్నామా? వాడు దానిని పలికిననాడు మన ముఖము చిన్నబోకుండ వినగలమా? గాడ్స్ ఆర్మీ చిత్రమును చూచువారు చూడవచ్చును. కుటుంబముతో కూర్చుండి చూచుటకు తగినదే. చూచిన పిమ్మట కినెగర్‌ను గూర్చి యింటి పిల్లలనే ప్రశ్నింపుడు. వారేమి చెప్పుదురో యనుటకంటె, మన యెదుట ఏమి చెప్పుటకు జంకుదురో కనిపెట్టుట ముఖ్యము.