జముకు పట్టిన చేతి పేరు

జముకుకు ఉన్నది ఒక్క తీగ. ఇత్తడి కుంచంలాంటి డొల్లకు ఒక మూతి తోలుతో మూస్తారు. ఆ తోలు నడుమ నుంచి నరం లాగి, తెరిచి ఉన్న రెండో మూతి గుండా బయటికి తీసి, కొసన చిన్న చెక్కముక్క కడతారు. డొల్లను చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో చెక్కముక్కను పట్టి నరాన్ని బిగిస్తూ వదులుతూ, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. వీణకున్నట్టు మెట్లు లేవు. ఏ మాటకు ఎంత బిగువు కావాలో చేతికే తెలియాలి. ఆ చెయ్యి తిరిగిందంటే జముకు ఏడుస్తుంది, ఎకసెక్కమాడుతుంది, అమ్మవారి పేరు పలుకుతుంది. బెంగాల్ బావుల్ గాయకుల ఖమక్, మరాఠీ, కన్నడ సీమల్లో ఎల్లమ్మ భక్తులు మోసే చౌడికె, తెలంగాణలో బవనీల జమిడిక అన్నీ దీని చుట్టాలే.

ఉత్తరాంధ్రలో చెప్పే జముకుల కథకు ముగ్గురు చాలు. కథకుడు చరణం ఎత్తి వదిలేసిన చోట వంతలు అందుకుంటారు. మధ్యలో ప్రశ్నలు వేస్తారు, ‘ఔనా?’ అంటారు, అనుమానపడతారు, నవ్విస్తారు. ఆ అనుమానాలకు జవాబు చెబుతూనే కథ ముందుకు కదులుతుంది. జనం కునుకుతున్నారనిపిస్తే పిట్టకథ దిగుతుంది. ముందు వరసలో కూర్చున్న ఊరి పెద్ద మీసం మీద ఓ మాట పడుతుంది. ఎల్లమ్మ కథ ఒక ఊళ్ళో తెల్లవార్లూ సాగుతుంది, మరో చోట సర్కారు వేదిక మీద అరగంటలో ముగుస్తుంది. రెండూ ఆ కథే. కాబట్టి కథను కాగితం మీద రాసుకున్నంత మాత్రాన జముకుల కథ దొరికిందనుకోవడం పొరపాటు. కాగితం మీద మిగిలేది ఎముకలగూడే. గొల్లలు గుండెకు తప్పెట కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళకూ, మద్దెల ముందు నడిచే తూర్పు భాగవతానికీ ఇదే మాట వర్తిస్తుంది.

జముకు మోగే చీపురుపల్లి నుంచి రైలెక్కితే గంటలోపు విజయనగరం. అక్కడి సంగీతానికి కాగితం కరువు లేదు. 1919లో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. ఆయన ‘నా యెఱుక’ పేరుతో స్వీయచరిత్ర రాసుకున్నారు. ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు గ్రామఫోను రికార్డుల్లో మిగిలింది. ఘంటసాల అక్కడ చదివారన్నది అందరికీ తెలుసు. అదే కాలంలో చుట్టుపక్కల పల్లెల్లో అమ్మవారి పండగలకు రాత్రంతా జముకు వాయించినవాళ్ళు ఎవరు? కోటలో పాడినవాడి పేరు చరిత్రకెక్కింది, వీధిలో పాడినవాడిది ‘జానపదం’లో కలిసిపోయింది. దీన్ని కాలమహిమ అనలేం, ఎవరిది రాయాలో ఎవరిది అక్కర్లేదో మనమే తేల్చుకున్నాం.

పేరు పోతే ఏమవుతుందో కంబోడియా చూసింది. 1960లలో, 70ల మొదట్లో నోంపెన్ రేడియోలో ఖ్మేర్ రాక్ హోరెత్తేది. ఎలక్ట్రిక్ గిటార్ల మీద ఖ్మేర్ గొంతులు, సిన్ సిసాముత్, రొస్ సెరెయ్ సొథియా, పాన్ రోన్. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ నగరాన్ని పట్టుకుంది. ఆ ముగ్గురూ ఆ పాలన నుంచి ప్రాణాలతో బయటపడలేదు. ఎలా పోయారన్నది ఈనాటికీ ఒక్క మాట మీద తేలలేదు. 1996లో అమెరికాలో ‘కంబోడియన్ రాక్స్’ అనే సంకలనం వచ్చింది. ఓ పర్యాటకుడు కంబోడియాలో కొన్న క్యాసెట్ల నుంచి ఏరిన పాటలవి. అట్ట మీద గాయకుల పేర్లు లేవు, పాటల పేర్లూ లేవు. తర్వాత గొంతు గుర్తుపట్టగలిగిన ఖ్మేర్ శ్రోతలే ఒక్కో పాటకూ పేరు వెతికిపెట్టారు. ఈ సంగీతం మీద జాన్ పిరోజీ 2014లో తీసిన డాక్యుమెంటరీకి బతికి బయటపడ్డవాళ్ళ జ్ఞాపకాలే ఆధారం. పేరు లేని పాటకు పేరు తిరిగి పెట్టొచ్చు, గొంతు తెలిసినవాళ్ళు బతికున్నంత కాలం.

మన దగ్గరా జముకు తుపాకుల మధ్య నడిచింది. పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటంలోకి తీసుకెళ్ళాడు. అమ్మవారి కథ చెప్పే బాణీలో కూలి కథ, భూమి కథ చెప్పాడు. 1969 డిసెంబరులో పోలీసులు ఆయన్ను కాల్చి చంపారు. పార్వతీపురం వైపు పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు ఆ దారి పట్టుకుని తూర్పు భాగవతం ఒరవడిలో ‘భూమి భాగోతం’ కట్టాడు, 2020 ఆగస్టులో కన్నుమూశాడు. వీళ్ళిద్దరి పేర్లు నిలిచాయంటే వెనక ఉద్యమం ఉంది, పత్రికలున్నాయి. పాణిగ్రాహి పక్కన నిలబడి వంత పాడినవాళ్ళ సంగతో?

సేకరణ మన నేలకు కొత్తేమీ కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చి, పాటలూ కథలూ రాసుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చుకిచ్చారు. బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి కళారూపాలను పుస్తకంగా పేర్చారు. ఆ పునాది గట్టిదే. కాకపోతే అందులో మాట ఎక్కువ, మోత తక్కువ. రూపం గురించి తెలుస్తుంది, ఫలానా ఊళ్ళో ఫలానా మనిషి నరాన్ని ఎలా బిగించేవాడో తెలియదు.

చెయ్యాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. కెమెరా ముఖం మీద ఉంటే చాలదు, చెక్కముక్క పట్టుకున్న వేళ్ళ మీద ఉండాలి. కథ ఒక్కసారి కాదు, రెండు ఊళ్ళలో రెండు సార్లు తీయాలి, ఎక్కడ సాగదీశాడో ఎక్కడ కోసేశాడో అప్పుడే కనబడుతుంది. గురువెవరు, వంతలెవరు, ఏ ఊరి పండగలో మొదట పాడావు అని అడగాలి. ఏ సంవత్సరం అంటే చెప్పలేని తాత, ఏ తుపాను ముందో వెనకో అంటే ఠక్కున చెబుతాడు. పండగ చందాల లెక్కపుస్తకాల్లో ‘జముకులోళ్ళకి’ అని రాసిన పద్దు కనిపిస్తే అది శాసనం కన్నా తక్కువేం కాదు. ఖరగ్‌పూర్ రైల్వేకీ, కలకత్తా జనపనార మిల్లులకీ వలసపోయిన మన కుటుంబాల ఇళ్ళలోనూ వెతకాలి. ఊరి పాట మీద బెంగ పెట్టుకున్నవాడే దాన్ని ఎక్కువ భద్రంగా దాచుకుంటాడు.

2020లో ‘పలాస 1978’ సినిమాతో నక్కిలీసు గొలుసు పాట రాష్ట్రమంతా మోగింది. మంచిదే. సినిమావాళ్ళయినా, టీవీవాళ్ళయినా, సెల్‌ఫోన్‌లో వీడియో పెట్టే కుర్రాళ్ళయినా ‘ఉత్తరాంధ్ర జానపదం’ అని రాసే ముందు, ఎవరి నోట విన్నారో ఆ మనిషి పేరు, ఊరు రాయండి. చీపురుపల్లి, గరివిడి, రాజాం, బొబ్బిలి వైపు ఎవరింట్లోనైనా అమ్మవారి పండగ నాటి క్యాసెట్ ఉంటే పారేయకండి. ముందు దాన్ని ఇంట్లో పెద్దవాళ్ళకు వినిపించండి. ఆ గొంతు ఎవరిదో, ఆ జముకు ఎవరిదో అడిగి, అట్ట మీద పెన్నుతో రాసి పెట్టండి.