విక్రయ వస్తువుగా భర్త: ‘శుభలగ్నం’లో వినియోగ సంస్కృతి విమర్శ

ఎస్.వి. కృష్ణారెడ్డి దర్శకత్వంలో 1994లో విడుదలైన ‘శుభలగ్నం’ను కుటుంబ కథాచిత్రంగా పేర్కొనడం పరిపాటి. ఆర్థిక సంస్కరణలు మొదలైన మూడేళ్లకు వచ్చిన ఈ కథలో సిరిసంపదలపై వ్యామోహంతో రాధ (ఆమని) తన భర్త మధు (జగపతిబాబు)ను కోటి రూపాయలకు లత (రోజా) పరం చేస్తుంది. అంగడి నట్టింట్లోకి వచ్చిందన్న ఎరుక మన జనరంజక సినిమాలో ఇంత సూటిగా పలికిన సందర్భాలు తక్కువ. అయితే ఆ నేరాన్ని చిత్రం ఎవరిపై మోపిందన్నది పరిశీలించవలసిన అంశం.

పెళ్లిలో మనిషిని అమ్మడం మన సాహిత్యానికి కొత్త కాదు. ‘కన్యాశుల్కం’లో అమ్మేవాడు తండ్రి, ‘వరవిక్రయం’లో వరుని పెద్దలు. గురజాడ, కాళ్లకూరి నారాయణరావు ఇద్దరూ వ్యక్తులను ఎగతాళి చేస్తూనే ఆచారాన్ని బోనులో నిలబెట్టారు. కాళ్లకూరివారి కమల అయితే కట్నమిచ్చి కొన్న భర్త తన సొత్తేనని వాదించి, ఆచారపు తర్కాన్ని ఆచారం మీదికే తిప్పింది. ‘శుభలగ్నం’లో బోనెక్కేది రాధ ఒక్కతే. కొన్న లత ప్రేమమూర్తి, అమ్ముడైన మధు నిర్దోషి. ధర కట్టిన చేతికి మట్టి అంటదు. చివరికి లత తప్పుకొని మధును రాధకు అప్పగిస్తుంది. త్యాగం చేసే గౌరవం సైతం కొనగలిగిన మనిషికే దక్కింది.

రాధ ఒంటరితనంపై సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన పాటను ఈ దృష్టితో మళ్లీ వినాలి. ఆమెను చిలుకగా సంబోధించే ఆ పురుష స్వరం (ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం) కథలోని ఏ పాత్రదీ కాదు. అది తీర్పు చెప్పే సమాజపు గొంతు. పాటలో జాలి ఉంది, కాదనలేం. కానీ అది శిక్ష ఖరారైన తరువాతి జాలి. ఆ దృశ్యాల్లో ఆమని ముఖం మాత్రం తీర్పుకు లొంగదు. రాధ మనసులోని అలజడికి సంభాషణలకన్నా ఆ మౌనమే ఎక్కువ సాక్ష్యమిస్తుంది.

డేవిడ్ ఫించర్ ‘ఫైట్ క్లబ్’ (1999)లో కేటలాగు చూసి సామాన్లు కొనే రోగి కథానాయకుడే. టైలర్ డర్డెన్ అతని చీలిన మనసే. కొనుగోలును మగతనపు లోపంగా చూడటం ఆ చిత్రపు గుడ్డితనం. అయినా అక్కడ చివరికి కూలేవి క్రెడిట్ కార్డు సంస్థల భవనాలు. అంటే కోరికకు అప్పు అనే చిరునామా దొరికింది. రాధ కోరికకు మూలాన్ని ‘శుభలగ్నం’ ఆమె స్వభావాన్ని దాటి వెతకదు.

కోటగిరి వంటి మండల కేంద్రంలో వాయిదాల మీద ఫ్రిజ్, టీవీ, మోటారు సైకిలు కొన్న ఇంట అప్పు కాగితంపై సంతకం తరచు మగవానిదే. ఆ టీవీలో ఈ సినిమా వచ్చిన రోజున ఇంటిల్లిపాది చూపు మళ్లేది వంటగది వైపు.