కన్యాశుల్కంలో మత్తు, మాట: సారా దుకాణం రంగం, గిరీశం సంభాషణల పరిశీలన

ఉపోద్ఘాతం

గురజాడ అప్పారావు కన్యాశుల్కం మీద వెలువడిన విమర్శలో రెండు అంశాలకు ప్రాధాన్యం దక్కింది. సంస్కరణోద్యమంతో నాటకానికి గల సంబంధం మొదటిది. గిరీశం, మధురవాణి పాత్రల స్వభావ నిర్ణయం రెండవది. నాటకంలో చుట్ట, సారా, గంజాయి పదేపదే ఎందుకు కనిపిస్తాయి, వాటి చుట్టూ సాగే అదుపులేని కబుర్లకు నాటక నిర్మాణంలో ఏ పని ఉంది అనే ప్రశ్నకు అంత చోటు దొరకలేదు. ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఈ ప్రశ్నకు ప్రాంతీయమైన సందర్భం కూడా ఉంది. గురజాడ 1862లో సర్వసిద్ధి రాయవరంలో జన్మించాడు. ఆ ఊరూ, చోడవరమూ మొన్నటివరకు విశాఖపట్నం జిల్లాలోనివే. 2022 జిల్లాల పునర్విభజనతో రెండూ అనకాపల్లి జిల్లాలో చేరాయి. పాడేరు మన్యం నుంచి మైదానానికి గంజాయి దిగే దారులలో ఒకటిగా చోడవరం పేరు ఇటీవలి వార్తలలో తరచు వినబడుతోంది. అటువంటి చోట కన్యాశుల్కంలోని తాగుడు సన్నివేశాన్ని విద్యార్థులకు ఎలా చదివి చెప్పాలి? నవ్వించి వదిలేస్తే రంగం చులకన అవుతుంది. నీతిపాఠంగా మార్చితే నాటకం చెప్పని మాటను నాటకం నోట పెట్టినట్లవుతుంది. ఈ రెండింటికీ భిన్నమైన మార్గాన్ని నాటకమే చూపుతోంది.

దుకాణం వెనుక ప్రభుత్వం

కన్యాశుల్కం 1892 ఆగస్టు 13న విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. సమూలంగా తిరగరాసిన రెండవ కూర్పు 1909లో వెలువడింది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1034 శుల్క వివాహాల లెక్కను మొదటి కూర్పు పీఠికలో గురజాడ ఉదాహరించాడు. ఒక దురాచారం మీద వాదంగా మొదలైన రచన రెండవ కూర్పు నాటికి ఒక జిల్లా సమాజపు సమగ్ర చిత్రంగా విస్తరించింది. అగ్రహారం, సానింటి సావడి, పోలీసు, కోర్టు, వకీళ్ల ఇళ్లతోపాటు సారా దుకాణం కూడా ఆ చిత్రంలో భాగం.

ఈ దుకాణాన్ని కేవలం వ్యసనపరుల అడ్డాగా చూడడం చారిత్రకంగా అసంపూర్ణం. 1886 మద్రాసు అబ్కారీ చట్టం తరువాత సారా అమ్మకం లైసెన్సుల మీద నడిచే ప్రభుత్వ ఆదాయ వ్యవస్థ. గంజాయి విషయంలోనూ వలస ప్రభుత్వ వైఖరి ఇటువంటిదే. 1893లో నియమితమైన భారత గంజాయి మాదకద్రవ్యాల విచారణ సంఘం మరుసటి ఏడు నివేదిక ఇస్తూ, పూర్తి నిషేధాన్ని సమర్థించక, పన్నులు, లైసెన్సులతో కూడిన నియంత్రణను సూచించింది. కాబట్టి నాటకంలోని దుకాణదారుడు చాటుమాటు వ్యాపారి కాడు. సర్కారు ఖజానాకు చివరి కొసన నిలిచిన మనిషి. తాగేవాడి చేతి డబ్బు ఏ దారిన ఎక్కడికి చేరుతుందో గుర్తుంచుకుంటేనే ఈ రంగంలోని హాస్యానికి పదును వస్తుంది.

దుకాణంలోని సంభాషణ

సారా దుకాణం రంగానికి బిగువైన కథ లేదు. ప్రదర్శన నిడివి తగ్గించవలసి వచ్చినప్పుడు ముందుగా కత్తెర పడదగినదిగా తోచే రంగాలలో ఇదొకటి. బైరాగి, హవల్దారు, వీరేశ, మనవాళ్లయ్య మొదలైనవారు ఒకచోట చేరి తాగుతారు, మాట్లాడతారు. మాట వేదాంతం నుంచి పల్టను మీదికి, పల్టను నుంచి దేవుళ్ల మీదికి, అక్కడి నుంచి సిద్ధుల మహిమల మీదికి దొర్లిపోతుంది. ఏ విషయమూ తేలదు. తేలాలన్న తొందర కూడా ఎవరికీ లేదు.

ఈ అస్తవ్యస్తతలో ఒక క్రమం ఉంది. అక్కడ చేరిన ప్రతివాడూ ఒక అధికారానికి ప్రతినిధి. హవల్దారు రాజ్యానికి, బైరాగి యోగానికి, శైవ వైష్ణవ చిహ్నాలు ధరించినవారు మతానికి ప్రతినిధులు. బయట ఈ అధికారాలన్నీ గంభీరమైనవి, పరస్పరం భిన్నమైనవి. దుకాణంలో అన్నింటికీ ఒకే గ్లాసు కొలమానం. సర్కారు ప్రతాపాన్ని పొగిడేవాడు సర్కారుకు పన్ను కట్టిన సారా తాగుతూ పొగుడుతున్నాడు. ప్రపంచమంతా మిథ్య అనేవాడికి చేతిలోని ద్రవ్యం ఒక్కటే సత్యం. గురజాడ వ్యాఖ్యానం చేయడు, వారిని మాట్లాడనిస్తాడు.

మరొక విశేషం గమనార్హం. ఈ మాటలు గొప్పలే అయినా, ఆ రంగంలో వాటిని నమ్మి ఎవరూ కొంప పోగొట్టుకోరు. వినేవాడూ తాగినవాడే, అతడి గొప్పలు అతడికున్నాయి. మత్తు ఇక్కడ మాటకు కారణం మాత్రమే కాదు, మాట విలువను బహిరంగంగా ప్రకటించే గుర్తు కూడా.

గిరీశం: మత్తు లేని మత్తు

గిరీశం సంభాషణలను ఈ రంగం పక్కన పెట్టి చదివితే వైరుధ్యం స్పష్టమవుతుంది. గిరీశం కూడా ఒక విషయంలో నిలవడు. చుట్ట, ఇంగ్లీషు చదువు, వితంతు వివాహం, నాచ్ వ్యతిరేకత, నేషనల్ కాంగ్రెసు అన్నీ అతడి నోట ఒకే ఊపులో వచ్చిపోతాయి. అతడి వల్ల తనకు అబ్బింది చుట్ట కాల్చడమేనని వెంకటేశం నిష్ఠూరమాడినప్పుడు, గిరీశం సిగ్గుపడడు. పొగాకు మహాత్మ్యాన్ని అందుకుని, దొరల గొప్పతనానికే చుట్టను కారణం చేస్తాడు. తనతో మాట్లాడడమే ఒక చదువు అని అతడు చెప్పుకునే మాట లోకప్రసిద్ధం.

బైరాగికీ గిరీశానికీ పద్ధతి ఒక్కటే: వినేవాడు తనిఖీ చేయలేని చోటు నుంచి ప్రమాణం తేవడం. బైరాగికి ఆ చోటు హిమాలయం, గిరీశానికి ఇంగ్లీషు. తేడా ఫలితంలో ఉంది. బైరాగి మాట దుకాణంలో తాగినవాళ్ల మధ్య తిరుగుతుంది. గిరీశం మాట అగ్నిహోత్రావధాన్లు ఇంట్లోకి ప్రవేశించి, బుచ్చమ్మ జీవితాన్ని పట్టుకుంటుంది. బాల్యంలోనే భర్తను పోగొట్టుకున్న ఆమెకు సంస్కరణ భాష నిజంగా అవసరం. ఆ అవసరమే గిరీశం మాటకు బలం. ఇక్కడ మాట్లాడేవాడు తెలివిలో ఉన్నాడు, మత్తు వినేవారికి ఎక్కుతోంది. పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బంధించి లుబ్ధావధాన్లను నమ్మించడం కూడా ఈ కోవలోనిదే. సారా లేకుండా, ఒట్టి సీసాతో ఎక్కించిన మత్తు అది.

కాబట్టి మత్తు చెడ్డది, ఆధునిక భాషణం మంచిది అనే సమీకరణాన్ని కన్యాశుల్కం అంగీకరించదు. ద్రవ్యం కంటే జవాబుదారీ లేని మాట ఎక్కువ హాని చేయగలదని నాటక నిర్మాణం సూచిస్తోంది.

అడ్డుపడే ప్రశ్న

అయితే ఇది తాగుడును సమర్థించడం కాదా అనే ఆక్షేపణ రావచ్చు. కాదు. దుకాణంలో ఎవరికీ గౌరవం మిగలదు. వారి మాటలలోని డొల్లతనాన్ని గురజాడ దాచలేదు. అతడు చేసింది దోషాన్ని ద్రవ్యం దగ్గరే ఆపకపోవడం. ద్రవ్యాన్ని అమ్మే వ్యవస్థ, దానికి పరువు తొడిగే మాట, ఆ మాటకు లొంగే అవసరం అన్నీ విచారణలోకి వచ్చాయి.

ఆ విచారణకు నాటకం ఇచ్చిన సాధనం ప్రశ్న. కాంగ్రెసు గురించి గిరీశం సుదీర్ఘంగా ఉపన్యసించిన తరువాత బండివాడు తమ ఊరి హెడ్ కనిష్టీబును ఎప్పుడు బదిలీ చేస్తారని అడుగుతాడు. గిరీశం దీన్ని బండివాడి అజ్ఞానంగా చెప్పుకుంటాడు. కాని లుబ్ధావధాన్ల మీద లేని హత్య కేసు బనాయించే పోలీసుల తీరు చూసిన ప్రేక్షకుడికి, రాజ్యాన్ని గురించి నాటకంలో వినబడిన సూటి ప్రశ్న అదేనని తోస్తుంది. మధురవాణి చేసేదీ ఇదే పని. ఆమె ఎదుట ఎవరి ఉపన్యాసమూ ఎక్కువసేపు నిలవదు. పూటకూళ్లమ్మ వచ్చిన వేళ అంతటి వాచాలుడు మంచం కింద మౌనంగా దాగవలసి వస్తుంది. చివరకు సౌజన్యారావు నిలదీయగానే గిరీశం కట్టిన మాటల మేడ కూలిపోయి, బుచ్చమ్మకు పూనా వితంతు శరణాలయపు దారి తెరుచుకుంటుంది.

ముగింపు

కన్యాశుల్కంలో సారా దుకాణం రంగం కథకు అంటించిన వినోదం కాదు. గిరీశం సంభాషణలను కొలవడానికి గురజాడ ఏర్పరచిన తూనిక. ఈ రంగాన్ని తొలగించి చదివితే గిరీశం కేవలం సరదా మోసగాడుగా మిగులుతాడు. కలిపి చదివితే, ఆధునికతను గురించిన మాట ఎప్పుడు విద్య అవుతుంది, ఎప్పుడు మత్తు అవుతుంది అనే ప్రశ్న నాటకమంతటా వినబడుతుంది.

మత్తుపదార్థాల సమస్య పత్రికావార్తగా కాక ఇంటి బెంగగా ఉన్న ప్రాంతంలో ఈ పఠనానికి ప్రయోజనం ఉంది. వ్యసనపరుణ్ని చూపి నవ్వడమో, అతడికి ఉపన్యాసమివ్వడమో ఈ రంగం నేర్పదు. ఎవరు అమ్ముతున్నారు, ఎవరు లాభపడుతున్నారు, వినేవారు ఏ లోటు వల్ల నమ్ముతున్నారు అని అడగడం నేర్పుతుంది. నిరోధం పేరిట ఇచ్చే ఉపన్యాసం సైతం బండివాడి ప్రశ్నకు నిలవవలసిందే.