స్వాగత పత్రములో లేని మాట



మన గ్రామ సంఘములలో ఎవరును రచనగా ఎంచని రచన యొకటి కలదు. అది కొత్తగా వచ్చు అయ్యగారికి సమర్పించు స్వాగత పత్రము. దస్తూరి బాగుగా నున్న ఉపాధ్యాయుడో, పట్టణములో చదువుకొని వచ్చిన యువకుడో దానిని వ్రాయును. ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత సంఘ పెద్దలలో ఒకరు నిలువబడి చదువును. పిమ్మట అద్దము కట్టించిన ఆ పత్రమును అయ్యగారి చేతికిత్తురు. పాటలను, ప్రసంగములను, పుస్తకములను బాగున్నవనియు బాగులేవనియు మనము విమర్శింతుము. ఈ పత్రమును మాత్రము చప్పట్లు కొట్టి మరచిపోవుదుము. ఈ నెల దానినే ఒక పుస్తకమును చదివినంత శ్రద్ధతో చదువుదము. అందులోను, స్థిరముగా నుండుటకు గాక కొన్ని నెలల కొరకే పంపబడిన తాత్కాలిక కాపరికి మన లూథరన్ సంఘములు ఇచ్చు పత్రమును చూతము. ఆ సందర్భములోనే ఈ రచనయొక్క బలహీనత స్పష్టముగా కనబడును.

మొదట దాని మంచిని చెప్పవలెను. ఆ దినమున కనకాంబరముల మాల తెచ్చిన ముసలమ్మ దాని కొరకు ఒక పూట కూలి డబ్బు ఖర్చుపెట్టి యుండవచ్చును. బడిపిల్లలు వారము దినములు పాట నేర్చుకొనియుందురు. నెలల తరబడి పొరుగు పారిషు అయ్యగారు ఎప్పుడు తీరిక చేసికొని వచ్చునా యని కనిపెట్టిన సంఘమునకు, ఒక దైవజనుడు తమ మధ్యనే కాపురముండుటకు వచ్చుట నిజముగా సంతోషమే. ఆ సంతోషమును నేను తక్కువ చేయను. నా విమర్శ ప్రేమను గూర్చి కాదు, ఆ ప్రేమ పలుకుటకు ఎన్నుకొనిన మాటలను గూర్చి.

పత్రము తెరచి చూడుడి. మొదటి వరుస నుండి బిరుదులే. వచ్చిన వాడు అపర పౌలు, రెండవ మోషే, వాక్య సింహము. ఆయన చదువు, ఆయన వినయము, ఆయన స్వరము, ఆయన కుటుంబము అన్నియు వర్ణింపబడును. ఆ పేరు తీసివేసి వేరొక పేరు వ్రాసినయెడల ఒక్క అక్షరమును మార్చనక్కరలేదు. ఏ మనుష్యునికైనను సరిపోవు పొగడ్త ఏ మనుష్యునిని గూర్చియు చెప్పదు. ఇప్పుడు గుడి గుమ్మము ప్రక్కన ఫ్లెక్సీ కట్టుట కూడ వాడుకయైనది. దానిమీద అయ్యగారి ముఖము పెద్దది, సంఘపు పేరు చిన్నది. పత్రములోను అంతే. అయ్యగారు ప్రతి వాక్యములో నుందురు, సంఘము అడుగున సంతకములో మాత్రమే యుండును.

ఈ రూపము మనకెక్కడనుండి వచ్చెను? కవులను, పండితులను, పదవి విరమించు అధికారులను సన్మానించు సభలనుండి వచ్చినది. ఆ సభలలో అది తగినదే, ఏలయనగా అక్కడ గౌరవము పొందువాని పని అంతకుముందే జరిగియుండును. చేసిన పనికి అది కృతజ్ఞత. మన గుడిలో నిలిచిన అయ్యగారు ఇంకను ఒక్క రోగియింటి గడపయైనను త్రొక్కలేదు. వీడ్కోలు దినమున చదువవలసిన దానిని మనము రాకడ దినమున చదువుచున్నాము.

ఇంతకంటె పెద్ద లోపము ఒకటి కలదు. ఆయన కొన్ని నెలలకే వచ్చెనని గుడిలోనున్న చిన్నపిల్లలకును తెలియును. అయితే పత్రములో ఆ మాట ఎక్కడను ఉండదు. తాత్కాలికము అనుట అమర్యాద యని మనము తలంచుచున్నాము. అందుచేత దానిని కాగితముమీద దాచి, నడవడిలో బయటపెట్టుదుము. “ఈయన ఉండేది నాలుగు నెలలే కదా, మన అయ్యగారు వచ్చిన తరువాత చూచుకొందము” అని లెక్కలు చూపుట ఆపుదుము, తగవులు తీర్చుకొనుట వాయిదా వేయుదుము, పిల్లలను కన్‌ఫర్మేషను తరగతికి పంపము. కాగితము ఆయనను మోషే అనును, ఊరు ఆయనను చుట్టపుచూపుగా వచ్చినవానిగా చూచును.

ఇప్పుడు దీని ప్రక్కన మరియొక పత్రమును పెట్టి చూతము. అపొస్తలుడైన పౌలు తీతుకు వ్రాసిన పత్రిక మూడే అధ్యాయములు, నలువది యారు వచనములు. దానిని మనము పెద్దల నియామకమునకును, నీతి బోధకును చదువుదుము గాని, అది ఒక తాత్కాలిక కాపరికి వ్రాసినదని సాధారణముగా గమనింపము. మొదటి అధ్యాయములోనే, తీతును క్రేతులో ఎందుకు విడిచి వచ్చెనో పౌలు చెప్పును: మిగిలిపోయిన పనులను చక్కబెట్టుటకు, ప్రతి పట్టణములో పెద్దలను నియమించుటకు. మూడవ అధ్యాయము చివర, అర్తెమానో తుకికునో పంపినప్పుడు తీతు బయలుదేరి నికొపొలికి రావలెనని చెప్పును. అనగా పని ఏమో మొదటనే యున్నది, పని ముగియు గడువు చివరనున్నది. ఈ రెంటిలో దేనిని చెప్పుటకును పౌలు సిగ్గుపడలేదు.

ఆ పత్రికలో తీతుకు బిరుదులున్నవా? విశ్వాస విషయములో నిజమైన కుమారుడను ఒక్క పిలుపు తప్ప వేరేమియు లేదు. అందుకు మారుగా క్రేతులోని వృద్ధులున్నారు, వృద్ధ స్త్రీలున్నారు, యౌవనస్థులున్నారు, దాసులున్నారు. ఆ ద్వీపపు మనుష్యుల చెడ్డ అలవాట్లను కూడ దాచక చెప్పెను. ఆ సంఘములలో కలహము పుట్టించువారితో ఎట్లు నడుచుకొనవలెనో, ఎన్ని మారులు బుద్ధి చెప్పి విడువవలెనో నేర్పెను. మన పత్రమును చదివినవానికి అయ్యగారిని గూర్చి తెలియును, సంఘమును గూర్చి ఏమియు తెలియదు. పౌలు పత్రికను చదివినవానికి సంఘము కండ్లకు కట్టినట్టు కనబడును. స్వాగతము పలుకుటలో ఏది మేలైనదో మీరే తీర్మానించుడి.

మా పలమనేరు ప్రాంతములో పాడి ఆవులు లేని వీధి అరుదు. ఇంటివారు ఆసుపత్రికో పెండ్లికో వెళ్లవలసి వచ్చినప్పుడు ఆవులను పొరుగువారికి అప్పగింతురు. ఆ అప్పగింతలో పొగడ్తలుండవు. ఎర్రావు తవుడు ముందు పెట్టనిదే చేపదు, నల్లావు ఎడమ ప్రక్కకు పోతే తన్నును, పెయ్యకు రెండు దినములుగా విరేచనములు అగుచున్నవి, మేము శనివారము సాయంకాలము వత్తుము అని చెప్పి వెళ్లుదురు. పొరుగువాడు అవమానపడడు. ఆ మాటలు వినకుండ చెంబు పట్టుకొని కూర్చున్నయెడల ఆవును చెడును, అతని మోకాలును చెడును. పశువులకు చేయుచున్న ఈ మాత్రపు మేలును మనము ఆత్మలకు చేయకున్నాము.

కొద్దికాలపు పరిచర్య చిన్న పరిచర్య కాదనుటకు మన తెలుగు లూథరన్ చరిత్రలోనే గొప్ప సాక్ష్యము కలదు. ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరెను. ఆ దినమును ఆంధ్ర సువార్త లూథరన్ సంఘమువారు నేటికిని పండుగగా జ్ఞాపకము చేసికొందురు. ఆయన రెండవసారి 1848లో వచ్చి గుంటూరులోను పల్నాటిలోను పనిచేసి 1857లో తిరిగి వెళ్లెను. ఇవి మనకు తెలిసినవే. మూడవ రాకను గూర్చి మనము తక్కువగా మాటలాడుదుము. 1869 నాటికి అమెరికాలోని లూథరన్ సంఘములు చీలిపోయి, రాజమండ్రి మిషనును నడుపుటకు మనుష్యులు లేక, దానిని చర్చి మిషనరీ సొసైటీవారికి అప్పగించు ఏర్పాటు జరుగుచుండెను. అప్పుడు డెబ్బది యారేండ్ల హయ్యర్ లేచి, నేనే వెళ్లెదనని చెప్పి, ఆ సంవత్సరము చివర రాజమండ్రి చేరెను. ఆ వయస్సులో వచ్చినవాడు అక్కడ దీర్ఘకాలముండుటకు వచ్చెనని ఎవరును అనుకొనలేదు, ఆయనయు అనుకొనలేదు. చిన్నవారు వచ్చువరకు తలుపు మూతపడకుండ పట్టుకొనుటకే వచ్చెను. 1870లో ష్మిట్ దొరగారు వచ్చిరి. 1871లో హయ్యర్ తిరిగి వెళ్లెను, 1873లో ప్రభువునందు నిద్రించెను. ష్మిట్ ఆ తరువాత దశాబ్దముల తరబడి గోదావరి సీమలో పనిచేసెను. ఆ దీర్ఘమైన పరిచర్యకు చోటు నిలిపినది ఒక ముసలివాని ఒకటిన్నర సంవత్సరము కంటె తక్కువైన కాలము. 1842 రాకకు మనము పండుగ చేసినట్లే, 1869 రాకను గూర్చి కూడ మన పిల్లలకు చెప్పవలెను.

మన దక్షిణ భాగమునకు వచ్చినను ఇదే పాఠము. నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతములలో 1865లో మైలియస్ దొరగారు ప్రారంభించిన హెర్మన్స్‌బర్గు మిషను నుండియే తిరుపతి కేంద్రముగానున్న దక్షిణాంధ్ర లూథరన్ సంఘము పుట్టినది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము రాగా జర్మను మిషనరీలు ఆ పొలమును విడువవలసి వచ్చెను. అమెరికాలోని ఒహాయో సినడువారు ఆ పనిని చేపట్టిరి. ఒకరు దున్నిన చాలులో మరియొకరు విత్తిరి. మా పలమనేరు లూథరన్ మిషను నాటిన స్థలము కాదు, ఆర్కాటు మిషనువారు పనిచేసిన ఊరు. అయినను ఇక్కడను కథ వేరు కాదు. జేకబ్ ఛాంబర్లిన్ దొరగారు 1863లో మదనపల్లెకు వెళ్లకముందు కొద్దికాలము ఇక్కడనే యుండిరి. పేరు మదనపల్లెతో నిలిచినది. అంతమాత్రమున పలమనేరులో గడచిన దినములు వ్యర్థములని ఎవరందురు?

అమెరికా దేశపు లూథరన్ సంఘములలో కాపరి లేని కాలమునకు ప్రత్యేకముగా తర్ఫీదు పొందిన తాత్కాలిక కాపరులు కలరు. ఆ కాలమును సంఘము తన్ను తాను పరీక్షించుకొను కాలముగా వాడుకొందురు. తాత్కాలికముగా వచ్చినవాడు అదే సంఘమునకు స్థిర కాపరి కాకుండుట అక్కడ సామాన్యమైన పద్ధతి. అక్కడ సంఘము కాపరిని పిలుచుకొనును, మనకు అధికారులు పంపుదురు. కావున అక్కడి ఏర్పాటంతయు ఇక్కడ అతకదు. అయితే ఆ కాలమునకు ఒక పేరు, ఒక పని ఉండుట మనము నేర్చుకొనదగినదే.

ఈ విమర్శ సంఘములకే చెందదు, మావంటి కాపరులకును చెందును. పత్రములోని బిరుదులను నమ్మి, వచ్చిన నెలలోనే పీఠము జరిపి, పాటల వరుస మార్చి, తన్నే స్థిరపరచవలెనని సంతకములు సేకరించువాడు ఒకడు. ఉండునది నాలుగు నెలలే యని పెట్టెయైనను విప్పక, ఆదివారము బస్సుకు వచ్చి బస్సుకు పోవువాడు మరియొకడు. మొదటివాడు తాను వెళ్లవలసిన వాడనని మరచెను, రెండవవాడు తాను పంపబడినవాడనని మరచెను. తీతు ఈ రెంటిలో దేనిని చేయలేదు. క్రేతులో పని అప్పగింపబడెను, చేసెను. తరువాత దల్మతియకు వెళ్లినట్టు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివర చూచుచున్నాము.

చదువరులారా, ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయమని తలంపవద్దు. మంచముపట్టిన ఒక వృద్ధురాలు స్థిర కాపరి వచ్చువరకు మరణమును ఆపజాలదు. పదునాలుగేండ్ల బాలుడు చిన్న ప్రశ్నోత్తరిని నేర్చుకొనవలసిన యేడు ఒక్కటే యేడు, తరువాత వాడు పనికై బెంగుళూరు బస్సెక్కును. 1530వ సంవత్సరపు ఆగ్స్‌బర్గు ఒప్పుకోలు వాక్యోపదేశమును సంస్కారములను ఇచ్చు పరిచర్యను దేవుడు ఏర్పరచెనని చెప్పుచున్నది గాని, అది ఎన్ని సంవత్సరములుండవలెనో చెప్పలేదు. తాత్కాలిక కాపరి ఇచ్చిన బాప్తిస్మము తాత్కాలికము కాదు. ఆయన చేతితో అందుకొనిన రొట్టెయు ద్రాక్షారసమును వేరు కావు. ఆయన నోట విన్న పాపక్షమాపణ, కొత్త అయ్యగారు వచ్చిన దినమున రద్దు కాదు.

కాబట్టి రాబోవు పత్రమును ఇట్లు వ్రాయుడని నా మనవి. వ్రాయకముందు పెద్దలును స్త్రీల సమాజమువారును ఒక సాయంకాలము కూర్చుండుడి. మీరెంతకాలముందురో మాకు తెలియును, ఆ కాలమంతయు మీరు మాకు కాపరియేనని మొదట వ్రాయుడి. తరువాత మిగిలిపోయిన పనులను పేర్కొనుడి: ఎన్ని యిండ్లలో రోగులున్నారు, ఎందరు పిల్లలు కన్‌ఫర్మేషనుకు సిద్ధపడవలెను, బాప్తిస్మపు రిజిస్టరు ఎప్పటినుండి వ్రాయబడలేదు. అందరియెదుట చదువకూడని సంగతులు, అనగా ఏ రెండు కుటుంబములు మాటలాడుకొనుట లేదో, లెక్కలలో ఏమి తేలలేదో, అవి ఇద్దరు పెద్దలు అయ్యగారి ఇంటికి వెళ్లి నోటితో చెప్పవలెను. చివరగా, మేమేమి చేయుదుమో వ్రాయుడి: బియ్యమెవరు చేర్తురు, గ్రామములకు వెంటవెళ్లువారెవరు. కొరింథువారికి వ్రాసిన మొదటి పత్రిక చివర తిమోతిని గూర్చి పౌలు కోరినదియు ఇదియే. అతడు వారియొద్ద భయము లేక యుండునట్లు చూడవలెననియు, ఎవడును అతనిని తృణీకరింపక సమాధానముతో సాగనంపవలెననియు కోరెను.

మాల వేయుడి, పాట పాడుడి, భోజనము పెట్టుడి. పత్రమునకు మాత్రము అద్దము కట్టింపనక్కరలేదు. అయ్యగారు మడిచి తన బైబిలులో పెట్టుకొని, సోమవారము ఉదయము తీసి చూచుకొని, మొదట ఏ యింటికి పోవలెనో తెలిసికొనునట్లుండిన చాలును.