పెన్సిలు రబ్బరు పనితనం

చప్పట్లు కొట్టి దోమను చంపడం అందరికీ వచ్చు. దాని క్రోమోజోములను తెగకుండా గాజుపలక మీద పరవడం కొందరికే వచ్చు.

రక్తం తాగి దాదాపు ఒక రోజైన ఆడ అనాఫిలిస్ దొరకాలి. అప్పుడే అండాశయంలోని పోషక కణాల్లో క్రోమోజోములు బలిసి, చారలు తేలి కనిపిస్తాయి. 3:1 పాళ్ల ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లంలో ఉంచిన అండాశయాన్ని 50 శాతం ప్రొపియానిక్ ఆమ్లంలో నానబెట్టి, కవర్‌స్లిప్పు వేసి, పెన్సిలు వెనక రబ్బరుతో టకటకా తట్టాలి. గట్టిగా తడితే తునిగిపోతాయి, మెల్లగా తడితే విడవవు. ఎంత బలమో పుస్తకం చెప్పదు, వేలికే తెలియాలి.

ఇటలీ శాస్త్రవేత్త మారియో కొలుజ్జి ఆఫ్రికా మలేరియా దోమలను ఇలాంటి స్లయిడ్ల మీదే చదివాడు. క్రోమోజోములో తలకిందులైన 2ఎల్‌ఏ అనే ముక్క పొడి నేలల దోమల్లో ఎక్కువని తేలింది. చారల వరుస తిరగబడిందని కంటితో పట్టడమంటే, నాకైతే, గద్వాల చీర అంచులో ఒక్క పోగు తప్పును పట్టినట్టే!

డెంగీ దోమ ఈడిస్ ఈజిప్టై దగ్గర ఈ నేర్పు అంతగా పారదు. దాని జన్యురాశిలో సగానికి పైగా మళ్లీ మళ్లీ వచ్చే డీఎన్‌ఏనే. బలిసిన క్రోమోజోములు ఒకదాన్నొకటి అంటుకుని ముద్దవుతాయి. అందుకే అక్కడ లార్వాలో రెక్కలూ కాళ్లూ మొలిచే మొగ్గలను కోసి, వాటిలోని మూడు జతల పొట్టి క్రోమోజోములతో పని మళ్లీ మొదలుపెడతారు.