ఐదో నెల స్కాన్‌తో అయిపోదు

బిడ్డ అవయవాల్లో లోపాలు వెతకడానికి ఐదో నెలలో చేసే టిఫా స్కాన్ మీద మనవాళ్లకు గట్టి గురి. రిపోర్టు చేతికి రాగానే అత్తగారు అడిగేది ఒకటే: "అంతా బాగుంది కదమ్మా?" దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేక ఏళ్లుగా నీళ్లు నములుతున్నాను.

రాబ్డోమయోమానే తీసుకోండి. పుట్టబోయే బిడ్డ గుండెలో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం ఇదే. తరచూ 20 వారాలు దాటాకే కంటికి ఆనుతుంది. 18వ వారంలో శుభ్రంగా ఉన్న గుండెలో 30వ వారానికి తెల్లటి ముద్దలు తేలొచ్చు. ముందు చూసినవాళ్లు వదిలేశారనుకుంటారు. అప్పటికి అక్కడ గడ్డే లేకపోతే ఎవరికి కనబడుతుంది? పుట్టాక ఈ గడ్డలు చాలావరకు వాటంతటవే కరుగుతాయి. ఒకటికి మించి ఉంటే మాత్రం ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు జబ్బుని అనుమానించి మెదడు కూడా చూడాలి.

తోక ఎముక దగ్గర పెరిగే టెరటోమా దారి వేరు. సుమారు 35-40 వేల కాన్పుల్లో ఒకటి. బయటికి పొడుచుకొస్తే కొత్త చెయ్యి కూడా పట్టేస్తుంది, కటి లోపలే పెరిగితే దాక్కుంటుంది. సైజు ఒక్కటే చూస్తే చాలదు, గడ్డలోకి ఎంత రక్తం పారుతోందో డాప్లర్‌లో చూడాలి. ఆ పోటు తట్టుకోలేక గుండె అలిసిపోతే బిడ్డ ఒళ్లంతా నీరు పడుతుంది.

గ్రహణం మొర్రి పెదవి మీదుంటే దొరుకుతుంది, అంగిలి ఒక్కటే చీలితే తరచూ దొరకదు. అమెరికాలో 15 వేలమందికి పైగా గర్భిణులతో చేసి 1993లో ప్రచురించిన రేడియస్ అధ్యయనంలో, అందరికీ స్కాన్ చేసిన వర్గంలోనే లోపాలున్న బిడ్డల్లో 35 శాతాన్నే కాన్పుకు ముందు పట్టగలిగారు. మెషీన్లు అప్పటికన్నా ఎంతో మెరుగయ్యాయి. తల్లి పొట్ట మందం, తగ్గిన ఉమ్మనీరు, బోర్లా తిరిగిన బిడ్డ మాత్రం ఇప్పటికీ అవే ఇబ్బందులు.

"బిడ్డ వెన్ను పైకి ఉన్నందున గుండె సరిగా కనబడలేదు, వారం తర్వాత మళ్లీ రావాలి" అని రాస్తే కొందరు ఇంకో సెంటర్‌కి పోతామంటారు. నా లెక్కలో రిపోర్టు మొత్తంలో నిజాయితీ గల వాక్యం అదే. లోపాలు ఆలస్యంగానూ బయటపడతాయి కాబట్టే 2021 సవరణతో గర్భస్రావ చట్టం కూడా, తీవ్రమైన లోపమని మెడికల్ బోర్డు తేలిస్తే 24 వారాల తర్వాతా గర్భస్రావానికి వీలిచ్చింది. అయినా ఏడో నెల స్కాన్‌లో బరువు, ఉమ్మనీరు చూసి జెల్ తుడిచేసే అలవాటు చాలాచోట్ల పోలేదు. గుండె నాలుగు గదులూ మరోసారి చూడ్డానికి ఎంతసేపని!