నిప్పు పెంచిన పొదలు

ఆస్ట్రేలియా దేశీయ పొదలను బోన్సాయ్ కోసం పెంచడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి: కొమ్మ నాటడం, విత్తనం మొలిపించడం. అడవిలో ముదిరిన చెట్టును తవ్వి కుండీలోకి తెచ్చే యమదోరి పద్ధతి జపాన్‌లో పేరున్నదే. ఆస్ట్రేలియాలో మాత్రం దానికి స్థలం యజమాని అనుమతి కావాలి, రక్షిత జాతులకైతే లైసెన్సూ కావాలి. పొదను అడవిలోనే ఉండనిచ్చి, దాని సంతతిని కుండీలో పెంచడమే ధర్మం కూడా.

రెండింటిలో కొమ్మే దగ్గరి దారి. ‘విత్తనం వేసి ఎన్నేళ్లని కాచుకు కూర్చుంటాం?’ అన్న ప్రశ్న ఈ వారం మళ్లీ వినబడింది. అది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. మన పార్కుల్లో ఎర్రటి పూలతో వేలాడే బాటిల్ బ్రష్, సన్నటి ఆకుల టీ ట్రీ, మెలల్యూకా కొమ్మతో బాగానే వేళ్లు తొడుగుతాయి. అక్కడి వేసవి చివర, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఆ ఏడాది చిగురించి గట్టిపడుతున్న కొమ్మను 8-10 సెంటీమీటర్ల పొడవున, కణుపు కిందుగా కోస్తారు. కింది ఆకులు తీసి, మొదలుకు రూటింగ్ హార్మోన్ అద్ది, ముతక ఇసుక, కోకోపీట్ కలిపిన మిశ్రమంలో నాటి, తేమ ఆరకుండా నీడలో కప్పి ఉంచుతారు. తల్లి మొక్క ఆకు పరిమాణం, పూల రంగు పిల్లకు యథాతథంగా వస్తాయి. తల్లివేరు ఉండదు కనుక లోతు తక్కువ కుండీలో సులువుగా ఇముడుతుంది.

ఇంతవరకు కొమ్మదే పైచేయి. అయితే ఈ శీర్షికలో పదేపదే వచ్చే మాట ఒకటుంది: బోన్సాయ్‌కి మొదలే ప్రాణం. ఆ మొదలు ఈ పొదలకు ఎక్కడిదో తెలియాలంటే కార్చిచ్చు దగ్గరికి వెళ్లాలి.

1770లో బాటనీ బే తీరాన జోసెఫ్ బ్యాంక్స్ బృందం సేకరించిన మొక్కల్లో కొన్నింటికి 1782లో ఆయన పేరుమీదే బ్యాంక్సియా అని నామకరణం జరిగింది. ఈ జాతుల్లో నిప్పును ఎదుర్కొనే తీరు రెండు రకాలు. బ్యాంక్సియా ఎరిసిఫోలియా మంటల్లో చచ్చిపోతుంది. దాని వంశాన్ని కాయల్లో మూసి ఉంచిన విత్తనాలు నిలబెడతాయి. బ్యాంక్సియా సెర్రాటా బతికి మళ్లీ చిగురిస్తుంది. దాని కాండం అడుగున లిగ్నోట్యూబర్ అనే కొయ్యగడ్డ ఉంటుంది. అందులో నిద్రాణంగా మొగ్గలు, వాటికి కావలసిన పిండిపదార్థం దాగి ఉంటాయి. పైనున్నదంతా కాలిపోయినా అక్కడినుంచి చిగుళ్లు లేస్తాయి. కొన్ని బాటిల్ బ్రష్ జాతులకూ ఈ శక్తి ఉంది.

బోన్సాయ్ కోరేదీ ఇదే. చిన్న చెట్టుకు వయసు తెచ్చే ఉబ్బిన మొదలు, కాండాన్ని గట్టిగా కోసినా తిరిగి చిగురించే సత్తువ రెండూ ఆ గడ్డలోనే ఉన్నాయి. లిగ్నోట్యూబర్ సాధారణంగా మొలక దశలోనే, బీజదళాలు, తొలి ఆకుల గ్రీవాల్లో మొదలవుతుంది. కొమ్మనుంచి వచ్చిన మొక్కకు ఆ దశే లేదు కనుక గడ్డ రాకపోవడమే ఎక్కువ. మొదలు కావాలంటే విత్తనమే దారి.

విత్తనాన్ని మేల్కొలిపే పద్ధతి జాతిని బట్టి మారుతుంది. మూసుకున్న బ్యాంక్సియా కాయలను ఓవెన్‌లో 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేస్తే నోరు విప్పుతాయి. తుమ్మ జాతి గింజలపై మరిగిన నీళ్లు పోసి నానబెడతారు. బాటిల్ బ్రష్ కాయలను కాగితం సంచిలో ఉంచితే కొద్ది రోజుల్లో దుమ్ములాంటి విత్తనాలు రాలతాయి. వాటిని మట్టితో కప్పకుండా పైపైన చల్లి, కుండీని నీళ్ల పళ్లెంలో నిలబెడతారు. కొన్ని జాతులకు పొగ కావాలి. పొగలో మొలకను ప్రేరేపించే కారికిన్ అనే పదార్థాన్ని పశ్చిమ ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2004లో గుర్తించారు.

నారు మొదటిసారి మార్చేటప్పుడే తల్లివేరు కొస తుంచితే పక్కవేళ్లు చుట్టూ పరుచుకుంటాయి. ఎరువు విషయంలో గట్టి జాగ్రత్త అవసరం. బ్యాంక్సియా, గ్రెవిల్లియాలు నిస్సారమైన నేలలకు అలవాటుపడి, గుత్తులుగా పెరిగే సన్నని వేళ్లతో భాస్వరాన్ని పీల్చుకుంటాయి. భాస్వరం ఎక్కువైతే అదే వాటికి విషం. 46 శాతం ఫాస్ఫేట్ (P2O5) ఉన్న మన డీఏపీ ఎరువు వాటి దరిదాపులకు రాకూడదు. కుండీ మార్చడం, వేళ్లు కత్తిరించడం మొక్క చురుగ్గా పెరిగే వెచ్చటి కాలంలో చేయాలి. టీ ట్రీ ముదురు కొమ్మను ఆకుల్లేకుండా కోస్తే చిగురిస్తుందన్న నమ్మకం లేదు. ప్రతి కొమ్మమీదా కొంత పచ్చదనం మిగల్చాలి.

కాబట్టి పూల రంగు కోసం, అరచేతిలో ఇమిడే చిన్న చెట్ల కోసం, టీ ట్రీ కోసం కొమ్మ నాటాలి. లావాటి మొదలున్న బ్యాంక్సియా కోసం విత్తనం వేయాలి. దగ్గరి దారిలో మిగిలిన ఏళ్లన్నీ మొదలు లావెక్కించడానికే ఖర్చవుతాయి.